వడకువారి చేతి నొప్పులు

దుక్కిటెద్దు మెడమీద కాడిపుండు పడినచో రైతు మఱునాడు దానిని అరకకు కట్టడు. మానువఱకు విశ్రాంతి నిచ్చును. అతని యింటి ఆడువారే రాట్నము త్రిప్పి త్రిప్పి చేయి తలవఱకు ఎత్తలేకున్నచో "వయసు మీఱినది గదా" యని ఊరకుండును. ఈ విషయమై సభ్యులకు నాలుగు మాటలు తెలుపదలచితిమి.

మన పొందూరు సన్నఖద్దరు దేశప్రసిద్ధము. వాలుగచేప దవడతో పత్తి దువ్వుట మొదలు గింజ తీయుట, ఏకుట, వడకుట వఱకు పనియంతయు చేతులదే. నూఱవ నంబరు నూలనగా 840 గజముల చిలపలు 100 కలిసి ఒక పౌను తూగవలయును. అనగా 84,000 గజములు, సుమారు 48 మైళ్లు. చేయి చాచినప్పుడెల్ల ఒక గజము వచ్చుననుకొన్నను, ఒక్క పౌనునకు ఎడమచేయి 84,000 మారులు లేచి దిగవలయును. ఇంక నొప్పి యేల రాదు?

ఇది క్రొత్త సంగతి కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700 సంవత్సరమున వృత్తిరోగములపై గ్రంథము ప్రకటించి, ఒకే తీరున కూర్చుండుటయు, ఒకే చలనమును ఎడతెగక చేయుటయు పనివారి దేహమును చెఱచునని తెలిపెను.

కండరములను ఎముకలకు బిగించు త్రాళ్ల వంటి స్నాయువులు భుజమునందును, మణికట్టునందును గలవు. ఎడతెగని పనిచే నవి నలిగి బాధించును. విశ్రాంతిచే మానకముందే మఱల పని తగిలినచో నొప్పి నిలిచిపోవును. సన్నని నూలు చూచుటకై వంచిన మెడయు బిగిసికొనును. మణికట్టులోని ఇఱుకుత్రోవలో నరము నొక్కుకొన్నచో బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కును, రాత్రులందది హెచ్చును. గుంటమగ్గముపై నేయువారికిని, వంగి వరి కోయువారికిని ఇట్టి బాధలు కలుగును.

ఆచరింపదగినవి:

1. అరగంటకొకమారు పని నిలిపి, లేచి, భుజములు త్రిప్పి, వ్రేళ్లు చాపవలయును.

2. దినమంతయు వడకక, నడుమ ఏకులు చుట్టుట వంటి వేఱుపని చేయవలయును.

3. మంచి వెలుతురున, వీపునకు ఆనుడు పెట్టుకొని, రాట్నమును చేరువగా నుంచుకొనవలయును. బిగిసిన రాట్నమునకు నూనె వేయవలయును.

4. వాతలు పెట్టింపరాదు. రెండు వారములకు తగ్గని నొప్పికిని, తిమ్మిరికిని, పట్టు తప్పుటకును వైద్యుని చూడవలయును. భుజపు నొప్పితో చెమటలు, ఆయాసము, ఱొమ్ముబరువు కలిగినచో అది గుండెజబ్బు కావచ్చును. క్షణమైన ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలయును.

చిలపల లెక్కన కూలి గనుక, నొప్పి చెప్పిన కూలి పోవునని పలువురు దాచుదురు. దాచిన నొప్పి ముదిరి నెలల కూలిని హరించును. కావున నొప్పిపడినవారికి కొన్నాళ్లు తేలికపని నొప్పగించు ఏర్పాటును సభ్యులు రాబోవు సమావేశమున చర్చింపవలెనని కోరుచున్నాము. ఎద్దునకు చూపు దయ ఇంటివారికి చూపుట మనకు భారము కాదు.