చేతిలో ఫోను, ఇంట్లో తర్బియత్

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. మనలో ప్రతి ఒక్కరూ కాపరియేనని, తన అధీనంలో ఉన్నవారిని గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించటం జరుగుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. పూర్వం ఈ కాపలా ఇంటి గుమ్మం దగ్గర ఉండేది. పిల్లవాడు ఎవరితో తిరుగుతున్నాడో ఇరుగుపొరుగువారు చెప్పేవారు. నేడు ఆ గుమ్మం పిల్లవాడి అరచేతిలోకి వచ్చింది. మన పక్కనే కూర్చున్నా వాడు ఎవరితో మాట్లాడుతున్నాడో మనకు తెలియటం లేదు.

పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి పారిశ్రామికవాడల్లో నివసించే కుటుంబాలకు ఈ సమస్య మరింత దగ్గరిది. ఇక్కడి మందుల, రసాయనాల ఫ్యాక్టరీల్లో షిఫ్టుల పని. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రపోవాలి. తల్లి కూడా పనికి వెళ్లే ఇళ్లున్నాయి. ఒకే అద్దె గదిలో పిల్లలు గోల చేయకుండా ఉండాలంటే చేతికి ఫోను ఇవ్వటమే సులువుగా కనిపిస్తుంది. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో ఫోను కూడా పలకా బలపంలా చదువు సామాను అయిపోయింది. తరువాత బడులు తెరిచారు. ఫోను మాత్రం చాలా ఇళ్లలో పిల్లల చేతిలోనే ఉండిపోయింది.

ఫోను దానంతటది చెడ్డది కాదు. ఖుర్ఆన్ పారాయణం అందులోనే వింటున్నాం, దూరాన ఉన్న నానమ్మ ముఖం అందులోనే చూస్తున్నాం. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసినా పిల్లవాడు స్నేహితుడి ఫోనులో చూడగలడు. కాబట్టి తాళం ఒక్కటే చాలదు. మనం లేనప్పుడు కూడా పిల్లవాడిని కాపాడేది ఏమిటి? అసలు ప్రశ్న ఇదే.

హజ్రత్ లుఖ్మాన్ నేర్పిన పాఠం

దివ్య ఖుర్ఆన్‌లోని లుఖ్మాన్ సూరాలో ఒక తండ్రి తన కుమారునికి చేసిన హితబోధ ఉంది. ఒక కర్మ ఆవగింజంత చిన్నదైనా, అది రాతిలో దాగి ఉన్నా, అల్లాహ్ దాన్ని బయటికి తెస్తాడని ఆయన నచ్చజెప్పారు. ఆ తరువాతే నమాజు గురించి, నడక గురించి, గొంతు తగ్గించి మాట్లాడటం గురించి చెప్పారు. ఈ క్రమాన్ని గమనించండి. ముందు అల్లాహ్ చూస్తున్నాడనే ఎరుక, ఆ తరువాత నియమాలు. చూసినవాటి జాబితాను ఫోనులోంచి చెరిపివేయటం నేటి పిల్లలకు తెలుసు. చెరిపినా మిగిలే లెక్క ఒకటుందని వారికి ప్రేమతో తెలియజేయాలి.

ఇంటికి వేళలున్నాయి

అన్‌నూర్ సూరాలో అల్లాహ్ మూడు వేళలను ప్రత్యేకంగా పేర్కొన్నాడు. ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం విశ్రాంతి సమయంలో, ఇషా తరువాత చిన్న పిల్లలు కూడా అనుమతి తీసుకునే గదిలోకి రావాలని ఆదేశించాడు. అది గదిలోకి ప్రవేశించే మర్యాద గురించిన ఆదేశం. అయితే వేళలు, హద్దులు పిల్లలకు చిన్ననాడే నేర్పాలనే పాఠం కూడా అందులో మనకు లభిస్తుంది. ఇషా తరువాత అనవసర సంభాషణను దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదు. ఆ వేళకు ఇంట్లోని ఫోన్లన్నీ ఒకే చోట పెడితే నిద్రా దక్కుతుంది, ఫజ్రూ దక్కుతుంది. షిఫ్టులో ఉన్న తండ్రి నుంచి కాల్ రావలసి ఉంటే ఒక ఫోను తల్లి దగ్గర ఉండవచ్చు.

రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అన్నం తినిపించటానికి ఫోను చూపే అలవాటును మానుకోవాలి. బడి వయసు పిల్లలు నలుగురూ ఉండే చోటే ఫోను చూడాలి. డబ్బు పెట్టి ఆడే ఆటలు జూదమే. వాటిని తెలంగాణ 2017లో, కేంద్రం 2025లో చట్టం ద్వారా నిషేధించాయి. మనకైతే జూదం అంతకు ఎంతో ముందే హరామ్ అయింది.

యుక్తవయసు పిల్లల ఫోనును దొంగచాటుగా వెతకటం వేరు, వారికి చెప్పి కలిసి చూడటం వేరు. కూపీలు లాగటాన్ని ఖుర్ఆన్ వారించింది. ఫోను ఇచ్చే రోజే 'మేము అప్పుడప్పుడు చూస్తాం' అని చెప్పి ఇవ్వండి.

ముందు మనం

ఒక తల్లి ఏదో ఇస్తానని తన పిల్లవాడిని పిలిచింది. ఏమివ్వదలచావని దైవప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది అబద్ధంగా రాయబడేదని ఆయన తెలిపారు. మరి ఇంట్లోనే కూర్చుని 'బయట ఉన్నాను' అని ఫోనులో చెప్పే తండ్రిని చూసి పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? నిజానిజాలు విచారించకుండా వాట్సాప్ వార్తను పదిమందికి పంపే తల్లిని చూసి కూతురు ఏం నేర్చుకుంటుంది?

భయంతో దాచే పిల్లలు

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇది. ముక్కూ ముఖం తెలియనివాడు స్నేహం నటించి అమ్మాయి ఫోటో తెప్పించుకుంటాడు, ఆ తరువాత అందరికీ పంపుతానని బెదిరిస్తాడు. ఆటలో డబ్బు పోగొట్టుకున్న అబ్బాయి ఆ డబ్బు రాబట్టాలని ఇంట్లో దొంగతనానికి దిగుతాడు. 'అబ్బాకు తెలిస్తే చంపేస్తారు' అనే భయం వారి నోరు నొక్కుతుంది. బెదిరించేవాడికి బలం ఆ భయమే. దానికి తట్టుకోలేక ప్రాణం మీదికి తెచ్చుకునే పిల్లలూ ఉంటారు.

హజ్రత్ అనస్ (రజియల్లాహు అన్హు) బాల్యం నుంచి పదేళ్లు దైవప్రవక్త (స)కు సేవ చేశారు. ఆ పదేళ్లలో ఆయన తనను ఒక్కసారైనా విసుక్కోలేదని, 'ఎందుకిలా చేశావు' అని నిలదీయలేదని తెలిపారు. అలాంటి ఇంట్లో పిల్లవాడు తప్పు దాచడు.

కాబట్టి ఈ రోజే మీ పిల్లలతో ఒక మాట చెప్పండి: "బేటా, ఏం జరిగినా ముందు మా దగ్గరికే రా. నిన్ను కొట్టం." ఆపద వస్తే బెదిరించేవాడికి డబ్బు ఇవ్వకండి, మెసేజీలు చెరపకండి. సైబర్ నేరాలకు 1930, పిల్లల రక్షణకు 1098, మనసు కుంగిపోయినప్పుడు 14416 నంబర్లకు ఫోను చేయండి. పరువు పోతుందని మౌనంగా ఉండకండి. బిడ్డ ప్రాణం కన్నా, బిడ్డ ఈమాన్ కన్నా మన పరువు పెద్దది కాదు.

అల్లాహ్ మన సంతానాన్ని మన కంటికి చలువగా చేయుగాక! వారిని కనిపించే కీడు నుంచి, కనిపించని కీడు నుంచి కాపాడుగాక! ఆమీన్.