జంపఖానాలో గళ్ళు, కంప్యూటర్‌లో చుక్కలు

మీ ఇంట్లో నేలమీద పరిచే జంపఖానా ఉందా? దానిమీద నేసిన పువ్వునో, త్రికోణాన్నో కాస్త దూరం నుంచి చూడండి. వాలుగీతలు నున్నగా కనిపిస్తాయి. ఇప్పుడు దగ్గరగా వంగి చూడండి. ఆ వాలుగీత నిజానికి చిన్న చిన్న మెట్ల వరుస! తర్వాత ఒక భూతద్దం తీసుకుని, టీవీ తెరమీద తెల్లగా ఉన్నచోట పెట్టి చూడండి. అక్కడ తెలుపు ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుచుక్కలు బారులు తీరి ఉంటాయి.

జంపఖానా బొమ్మ, తెరమీది బొమ్మ, రెండూ ఒకే ఉపాయంతో తయారవుతాయి. ఆ ఉపాయం ఏమిటో చూద్దాం.

లెక్కగా మారిన బొమ్మ

వరంగల్‌లోని కొత్తవాడ జంపఖానాల నేతకు పేరుపొందిన చోటు. దర్రీలు అని కూడా పిలిచే ఈ వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. మగ్గంమీద పొడవునా సాగే దారాలను పడుగు అంటారు. అడ్డంగా పోయే దారాలను పేక అంటారు. ఈ రెండింటి అల్లికతో బొమ్మ రావాలి కాబట్టి, ముందుగా దాన్ని గళ్ళ కాగితంమీద వేసుకుంటారు. ఒక్కో గడికి ఒక్కో రంగు. ఏ వరుసలో ఎన్ని గళ్ళు ఎరుపో, ఎన్ని గళ్ళు నలుపో లెక్కపెట్టుకుంటూ నేస్తారు.

కంప్యూటర్ కూడా ఇదే పని చేస్తుంది. అది బొమ్మను గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడి రంగుకు ఒక్కో సంఖ్య ఇస్తుంది. ఆ గడి పేరే పిక్సెల్.

3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు ఉన్న జంపఖానాకు పావు అంగుళం గళ్ళతో బొమ్మ వేశామనుకుందాం. అడ్డంగా 144, పొడవునా 288, మొత్తం 41,472 గళ్ళు. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే శాస్త్రజ్ఞుడు తన పసిబిడ్డ ఫోటోను మొట్టమొదటిసారిగా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అందులో ఉన్నవి 176 × 176, అంటే 30,976 గళ్ళే. మన జంపఖానాకన్నా తక్కువ!

మగ్గానికీ కంప్యూటర్‌కూ చుట్టరికం పాతదే. 1804లో ఫ్రాన్స్‌లో జాకార్డ్ అనే ఆయన చిల్లుల అట్టలతో నడిచే మగ్గాన్ని రూపొందించాడు. చిల్లు ఉంటే దారం లేస్తుంది, లేకుంటే లేవదు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజీ ఆ అట్టలనే తన గణనయంత్రంలో వాడాలని తలపెట్టాడు. కాబట్టి నేడు కంప్యూటర్ మగ్గం దగ్గరికి రావడం పుట్టింటికి వచ్చినట్లే.

తెరమీద తేలిక, మగ్గంమీద శ్రమ

గళ్ళ కాగితంమీద రంగు మార్చాలంటే బొమ్మను మళ్ళీ వేయాలి. కంప్యూటర్‌లో ఒక్క సంఖ్య మారిస్తే ఆ రంగు గళ్ళన్నీ ఒకేసారి మారిపోతాయి. సగం బొమ్మ వేస్తే మిగతా సగాన్ని అద్దంలో ప్రతిబింబంలా అదే పూర్తిచేస్తుంది. మాటల్లో చెబితే చాలు, బొమ్మ గీసి ఇచ్చే కృత్రిమ మేధ కూడా ఇప్పుడు వచ్చింది.

అయితే తెరమీద వచ్చిందల్లా మగ్గంమీదికి వస్తుందా? మూడు చిక్కులున్నాయి.

మొదటిది రంగు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లు ఉంటే, 256 × 256 × 256, అంటే 1,67,77,216 రంగులు వస్తాయి. నేసేవారి దగ్గర ఐదారు రంగుల నూలే ఉంటే, బొమ్మను ఆ ఐదారింటికి కుదించాలి.

రెండవది గడి. వంపులు నున్నగా రావాలని గడి భుజాన్ని సగం చేస్తే గళ్ళు నాలుగింతలై 1,65,888 అవుతాయి. కంప్యూటర్‌కు ఇదొక లెక్క కాదు. నేసేవారికి మాత్రం ఎన్నో రోజుల పని. ఆ రోజులకు తగిన కూలి ముట్టకపోతే అందమైన బొమ్మే వారికి నష్టం తెస్తుంది.

మూడవది హద్దు. తెరమీద రెండు రంగులు పక్కపక్కన ఉంటే చాలు. నేతలో నిలువు హద్దు దగ్గర రెండు రంగుల పేకలు దేనిదారిన అది వెనక్కి తిరిగితే మధ్యలో చీలిక పడుతుంది. అందుకే వాటిని ఒకదానితో ఒకటి పెనవేస్తారు. వరంగల్ నేతలో ఈ పెనవేత కనిపిస్తుంది.

ఇదే బొమ్మను యంత్రంతో గుడ్డమీద అచ్చువేసి చౌకగా అమ్మవచ్చు. తేడా ఎలా తెలుస్తుంది? తిరగేసి చూడండి. నేసిన జంపఖానాలో బొమ్మ రెండువైపులా ఉంటుంది. అచ్చువేసిన దానిలో సాధారణంగా ఒకవైపే నిండుగా ఉంటుంది.

కనుక మంచి రూపకర్త తెరమీద బొమ్మ చూసి మురిసిపోయి ఊరుకోడు. నేసేవారి పక్కన కూర్చుని, రంగులు, గళ్ళు, హద్దులు లెక్క చూసుకున్నాకే బొమ్మను ఖాయం చేస్తాడు.

మీరే చేసి చూడండి

20 × 20 గళ్ళలో ఓరుగల్లు కోట తోరణాన్ని నాలుగు రంగులతో వేయండి. ఒక్కో వరుసను "5 తెలుపు, 10 ఎరుపు, 5 తెలుపు" అన్నట్లు రాయండి. బొమ్మ చూపకుండా ఆ చీటీని మీ స్నేహితునికి ఇచ్చి వేయమనండి. అదే తోరణం వచ్చిందా? అయితే మీరిద్దరూ కంప్యూటర్ పనే చేశారన్నమాట.

తర్వాత అదే తోరణాన్ని 40 × 40 గళ్ళలో వేయండి. రెండుసార్లూ ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. మగ్గంమీద ఆ తేడా నిమిషాలలో కాదు, రోజులలో ఉంటుంది.