నీటి కంటే అల ముందు వస్తుంది



వాన జోరుగా కురిసేటప్పుడు మన వంటశాల ముందున్న సిమెంటు వాలును నిదానంగా చూశారా? నీళ్ళు అద్దంలాగ నున్నగా జారవు. ఒకదాని వెనక ఒకటి అడ్డంగా అలలు దిగుతుంటాయి. గాలి లేకపోయినా దిగుతాయి. ఎందుకని? నేను చదివి తెలుసుకున్నది, చేసి చూసినది ఇక్కడ రాస్తున్నాను.

1. పొర మందం కొలవడం

స్కేలు ముంచితే నీరు దాని చుట్టూ ఎగబాకుతుంది, కొలత తప్పుతుంది. 1916లో జర్మనీ ఇంజనీరు విల్‌హెల్మ్ నుసెల్ట్ లెక్కతో దారి చూపించాడు. బరువు నీటిని కిందికి లాగుతుంది. నేలకి అంటుకున్న నీరు కదలదు, అది తన పై పొరల్ని స్నిగ్ధత వల్ల పట్టి ఆపుతుంది. ఈ రెండూ సరితూగిన చోట మందం తేలుతుంది.

కుళాయి కింద 10 లీటర్ల బకెట్టు 100 సెకన్లలో నిండిందనుకోండి. అదే ధారను అర మీటరు ఎడంగా పేర్చిన ఇటుకల మధ్య వాలు మీదికి వదలండి. వాలు 10 సెం.మీ.కి 1 సెం.మీ. అనుకుందాం. అప్పుడు మీటర్లలో

మందం ఘనం = 3 × 0.000001 × 0.0002 ÷ (9.8 × 0.1)

ఇందులో 0.000001 నీటి స్నిగ్ధత, 0.0002 ఒక మీటరు వెడల్పున సెకనుకి పారే ఘనపు మీటర్లు. ఘనమూలం తీస్తే మందం సుమారు 0.85 మి.మీ. సగటు వేగం సెకనుకి 24 సెం.మీ. పైపొర దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 35 సెం.మీ. పోతుంది.

2. నోటుబుక్కులో అల

మందం రెట్టింపైతే పారే నీరు 8 రెట్లవుతుంది, ఘనం కదా! పేజీలో వరుసగా గళ్ళు గీసి, అన్నిటిలో 1 అని, ఒక్కదానిలో 2 అని వేయండి. 2 ఉన్న గడి ముందు గడికి 8 పాళ్ళు తోస్తుంది, మిగతావి ఒక్కో పాలే. అందుకే మందంగా ఉన్న చోటు ముందున్న పల్చని నీటి మీద పడి గట్టులా లేస్తుంది. కంప్యూటరులో శాస్త్రవేత్తలు చేసే అనుకరణకు మూలం ఇదే. వాళ్ళు గళ్ళు వేలల్లో తీసుకుని, తలతన్యతను, నీటి జడత్వాన్ని కూడా కలుపుతారు. జడత్వం అలను పెంచుతుంది, తలతన్యత చిన్న ముడతల్ని అణిచేస్తుంది.

లెక్క ప్రకారం చిన్న అల సగటు వేగానికి 3 రెట్లు, అంటే పైపొరకి రెండింతలు పోతుంది. నేను రంపపు పొట్టు చల్లి చూశాను. ప్రతిసారీ అలలే పొట్టును దాటిపోయాయి.

3. ఇంటి దగ్గర చేసిన పరిశోధన

రష్యా శాస్త్రవేత్త ప్యోత్ర్ కపిత్సాను 1946లో పదవి నుంచి తీసేశారు. ఆయన ఊరికే కూర్చోలేదు. మాస్కో దగ్గర తన పల్లె ఇంట్లోనే కొడుకు సెర్గేయ్‌తో కలిసి జారే నీటి పొరల మీద అలల్ని ఫొటోలు తీసి కొలిచాడు. 1948, 1949లలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 1978లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది, అది వేరే పనికి, అతిశీతల భౌతికశాస్త్రానికి. పెద్ద ల్యాబు లేకపోయినా చూసే కన్ను ఉంటే చాలు కదా!

4. మన గెడ్డల సంగతి

సీతంపేట వైపు సున్నపుగెడ్డలాంటి చోట్ల రాతి మీద జారే పల్చని నీటిలో ఈ అలలు కనిపిస్తాయి. లోతైన గెడ్డలో నీరు సుడులు తిరుగుతుంది కాబట్టి లెక్క మారుతుంది. అయినా అక్కడ కూడా వరద అల నీటి వేగానికి సుమారు ఒకటిన్నర రెట్లు పోతుంది.

ఇది బతుకుకి సంబంధించిన మాట. నాగావళి, వంశధార ఒడిశా కొండల్లో పుట్టినవి. పైన వాన పడితే మన దగ్గర ఎండ కాస్తుండవచ్చు. "నీళ్ళు ఎర్రబడితే అప్పుడు గట్టెక్కుదాం" అని కొందరు అంటారు. కాని ఎర్రనీరు నీటి వేగంతో వస్తుంది, అల దానికంటే ముందు వస్తుంది. రంగు మారేసరికి మట్టం పెరిగిపోయి ఉంటుంది. కాబట్టి సెలవులకి ఇంటికెళ్ళేటప్పుడు నీళ్ళు తేటగా ఉన్నాయని నమ్మకండి. రాతి మీద పెట్టిన గుర్తు మునిగితే వెంటనే వెనక్కి రండి. వార్డెను గారు కూడా బయల్దేరే ముందు ఈ సంగతి చిన్న పిల్లలకి చెప్పాలని కోరుతున్నాను.

ప్రశ్న: పొర మందం 3 రెట్లయితే పారే నీరు ఎన్ని రెట్లు? జవాబు చీటీ మీద రాసి ఈ పత్రిక కింద అంటించండి.