బొగ్గు గనుల మట్టిగుట్టలపై తమంత తామే మొలచు మొక్కలు

కొత్తగూడెము, మణుగూరు, రామగుండము ప్రాంతముల రైతులకు ఓ.బి. గుట్టలను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. 1889లో ఇల్లెందు వద్ద బొగ్గు త్రవ్వకము మొదలైన తరువాత చాలకాలము గనులు భూమి లోపలనే నడిచినవి. 1970 తరువాత ఉపరితల గనులు వచ్చినవి. ఈ గనులలో బొగ్గును చేరుటకు పైనున్న మట్టిని, ఇసుకరాతిని అంతటిని తొలగింపవలెను. టన్ను బొగ్గునకు అయిదారు ఘనపు మీటర్ల వరకు ఇట్లు బయటపడును. ఆ పోతయే ఈ గుట్టలు. వానకాలమున వాటినుండి కొట్టుకొని వచ్చిన ఇసుక క్రింది వరిమళ్లలో మేట వేయును, చెరువును పూడ్చును. గుట్ట పచ్చబడినచో ఈ బాధ చాలవరకు తగ్గును. కనుక అది ఎట్లు పచ్చబడునో క్రిందనున్న రైతు తెలిసికొనుట అవసరము.

క్రొత్తగా పోసిన గుట్టలో ఉన్నది చేని మట్టి కాదు. ఎంతో లోతునుండి వచ్చిన రాతిముక్కలవి. ఆకుకుళ్లు లేదు, నత్రజని దాదాపు లేదు. ఏటవాలున నీరు నిలువదు. లారీలు త్రొక్కిన పైభాగము గట్టిపడి నీరు ఇంకదు. కొన్నిచోట్ల రాతిలోని గంధకపు ఖనిజము గాలి, నీరు తగిలి ఆమ్లముగా మారును. వేసవిలో అచట కాలు పెట్టలేము.

అట్టిచోటికి మొదట వచ్చునవి గాలికి ఎగురు గింజలు: జిల్లేడు, గడ్డి చామంతి, రెల్లు. అవి గుట్టంతట ఒక్కసారిగా మొలవవు. రాళ్ల సందులలో, వాగు కోసిన గాడులలో, ముఖ్యముగా మెత్తనిమట్టి, తేమ చేరు పాదము వద్ద మొలకెత్తి క్రమముగా పైకి ప్రాకును. వీటిలో రెల్లు గొప్ప పనివాడు. చేలో పడినచో దానిని వదలించుకొనలేక మనము తిట్టుకొందుము. భూమిలో ప్రాకు ఆ మొండి దుంపవేరే గుట్టపై మట్టిని అల్లి పట్టును. ఇది చెరకునకు దగ్గరి చుట్టము. కోయంబత్తూరు శాస్త్రజ్ఞులు మేలిరకపు చెరకులను తీయుటకు దీనితోనే సంకరము చేసిరి.

తరువాత వెంపలి వచ్చును. పచ్చిరొట్టగా ఎరిగిన మొక్కయే. దాని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మట్టికి చేర్చును. తంగేడు కూడ కాయజాతి మొక్కయే కాని దాని వేళ్లపై బుడిపెలు ఏర్పడవు. అయినను దాని నీడ, రాలిన ఆకు మేలు చేయును. ఒక పొద ఎదిగినచో పక్షి వచ్చి వాలును. దాని రెట్టలో వేప, రేగు గింజలు పడును. మేకలు సర్కారు తుమ్మను తెచ్చును. అయితే గుట్ట చూపునకు పచ్చబడుట వేరు, మట్టి తయారగుట వేరు. మొదటిది కొద్ది సంవత్సరముల పని, రెండవది దశాబ్దముల పని.

నేను చూచిన ఒక గుట్టపై మొక్కలు నాటుటకై, తొలకరికి ముందు రెల్లును, వెంపలిని పిచ్చిమొక్కలని గీకివేసిరి. నాటిన మొక్కలు వేరూనకముందే పెద్దవాన పడెను. క్రిందనున్న రెండు మళ్లు ఇసుకతో నిండినవి. గుంత త్రవ్వు చోటు మాత్రము శుభ్రముచేసి, తక్కినదానిని ముట్టకుండిన సరిపోయెడిది.

పంచాయతీవారు గమనింపవలసినవి కొన్ని కలవు. మొదటి మూడు నాలుగేండ్లు గుట్టపైకి పశువులను, మేకలను తోలనీయరాదు, గడ్డికి నిప్పు పెట్టనీయరాదు. గని త్రవ్వుటకు ముందు తీసిన పైమట్టిలో ఆ నేల గింజలు, సూక్ష్మజీవులు ఉండును. దానిని ఏండ్లతరబడి ఎత్తుగా పోసియుంచినచో అవి చచ్చును. కనుక వీలైనంత త్వరగా గుట్టపై పరపించుడని గనివారిని కోరవలెను.

అన్ని అడవిమొక్కలు మనకు మిత్రులు కావు. సర్కారు తుమ్మ మట్టిని పట్టును గాని పొలముగట్లకు దిగును. వయ్యారిభామను మాత్రము గుట్టపైనను ఉపేక్షింపరాదు. ఒక్కొక్క మొక్క వేలకొలది గింజలు రాల్చును. అవి గాలికి, వాననీటికి నేరుగా చేలకు వచ్చును. వానలు పడి నేల మెత్తగానున్నప్పుడే, పూత రాకముందే, చేతికి తొడుగు వేసికొని వేరుతో పెరుకవలెను.