గుడ్డమీద బుద్ధుడు

హిమాచల్ ప్రదేశ్‌లో కొండల నడుమ ధర్మశాల అనే ఊరుంది. 1959లో దలైలామా టిబెట్ వదిలి మన దేశానికి వచ్చారు. మరుసటి ఏడు ఈ ఊళ్లో స్థిరపడ్డారు. వేలమంది టిబెట్ ప్రజలు కూడా మన దేశానికి వచ్చారు. వారిలో బౌద్ధ సన్యాసులున్నారు. బొమ్మలు వేసేవారూ ఉన్నారు.

టిబెట్‌లో ఎన్నో మఠాలు ధ్వంసమయ్యాయి. వాటిలోని పాత బొమ్మలు చాలా పోయాయి. ఆ విద్య బాగా తెలిసిన పెద్దలు కొద్దిమందే మిగిలారు. వాళ్లూ పోతే ఇంకెవరు నేర్పుతారు? అందుకే 1988లో ధర్మశాల దగ్గర నోర్బులింకా అనే సంస్థ పెట్టారు. అక్కడ థంకాలు వేయటం నేర్పుతారు. పూర్వం ఈ పని ఎక్కువగా మగవాళ్లే చేసేవాళ్లు. ఇప్పుడు ఆడపిల్లలు కూడా నేర్చుకుంటున్నారు.

థంకా అంటే గుడ్డమీద వేసిన బొమ్మ. మన చేర్యాల బొమ్మల్లాగే దీన్ని చుట్టి ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. ఊళ్లు తిరిగే సన్యాసులకు ఇదే అనువు. మఠంలో దీన్ని వేలాడదీసి, ఎదురుగా కూర్చుని ధ్యానం చేస్తారు.

ముందు నూలుగుడ్డను చెక్క చట్రానికి బిగించి కడతారు. సుద్దలో జిగురు కలిపి పూస్తారు. ఆరాక నున్నటి రాయితో రుద్దుతారు. తరువాత గీతలు. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు, బొమ్మకు ముందుగా అడ్డంగా, నిలువుగా గీతలు గీసుకోవాలి. బుద్ధుడి ముఖం ఎంత, మెడ ఎంత, చెయ్యి ఎంత, అన్నిటికీ లెక్క ఉంది. లెక్క తప్పితే బొమ్మ ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. అసలు కష్టం ఇక్కడే. కొత్తగా చేరినవాళ్లు బుద్ధుడి తల ఒక్కటే మళ్లీ మళ్లీ గీస్తారు. గీత కుదిరేదాకా రంగు జోలికి పోనివ్వరు. అందుకు ఏళ్లు పడుతుంది.

మరి చిత్రకారుడి ఇష్టానికి చోటే లేదా? ఉంది. బుద్ధుడి చుట్టూ కొండలు, మబ్బులు, పూలు, జింకలు ఉంటాయి. వాటిని తనకు తోచినట్టు వేసుకోవచ్చు. మంచి చిత్రకారుడి చేతివాటం అక్కడ తెలిసిపోతుంది. అయినా బొమ్మమీద తన పేరు రాసుకోడు. పాత థంకాల్లో చాలావాటిని ఎవరు వేశారో ఎవరికీ తెలియదు.

రంగులు రాళ్లనుంచి వస్తాయి. నీలిరాయి నూరితే నీలం, పచ్చరాయి నూరితే ఆకుపచ్చ. ఇంగిలీకంతో ఎరుపు వస్తుంది. వీటిని జిగురునీళ్లలో కలుపుతారు. బంగారం పొడి కూడా వాడతారు. ఒక్క థంకాకు నెలలు పట్టవచ్చు. ఇప్పుడు బజారులో అచ్చువేసిన థంకాలు చవగ్గా దొరుకుతున్నాయి. దూరంనుంచి చూస్తే తేడా తెలియదు. దగ్గరికెళ్తే బంగారం మెరుపు చెబుతుంది.

కళ్లు అన్నిటికన్నా చివర వేస్తారు. ఆ రోజు చెయ్యి వణకకూడదు. తరువాత చుట్టూ పట్టుగుడ్డ కుడతారు. బొమ్మ వెనక, సరిగ్గా బుద్ధుడి నుదురు, గొంతు, గుండె ఉన్నచోట మూడు అక్షరాలు రాస్తారు. ఓం, ఆః, హూం. అవి గోడవైపు ఉంటాయి. చూసేవారికి కనపడవు.