మంచుపై గురి

మంచు హాకీలో బంతి ఉండదు. ‘పక్’ అనే గట్టి రబ్బరు బిళ్ళను ఆటగాళ్ళు కర్రలతో కొడతారు. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల గోలును కవచధారియైన గోల్‌కీపర్ దాదాపు కప్పివేసి నిలుస్తాడు. అతనిని దాటించడం సామాన్యమైన పని కాదు.

ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో కెనడా వీరుడు వేన్ గ్రెట్జ్కీ 1999లో ఆట విరమించే నాటికి లీగ్ దశ పోటీలలో 894 గోల్స్ సాధించాడు. ఆ సంఖ్యను మరొకరు అందుకోవడం అసాధ్యమనిపించింది. దానిని అధిగమించినవాడు మాస్కోలో 1985లో జన్మించిన అలెగ్జాండర్ ఒవెచ్కిన్. 2005లో వాషింగ్టన్ కాపిటల్స్ జట్టు పక్షాన బరిలోకి దిగి, తొలి సీజన్‌లోనే 52 గోల్స్ చేశాడు.

విచిత్రమేమంటే, అతని ఎత్తుగడలో రహస్యం లేదు. ప్రత్యర్థి ఆటగాడొకడు శిక్షపడి బయట కూర్చున్న సమయంలో ఒవెచ్కిన్ ఎడమవైపు వలయం వద్ద కాచుకొని ఉంటాడు. సహచరుడు అందించిన పక్‌ను నిలుపకుండానే బలంగా కొడతాడు. అది అక్కడినుండే వస్తుందని ఎదుటివారందరికీ తెలుసు. తెలిసీ ఆపలేకపోయారు!

2024 నవంబరులో అతని కాలి ఎముక విరిగింది. అప్పటికి వయస్సు 39 ఏళ్ళు. పదహారు ఆటలకు దూరమై, మళ్ళీ వచ్చాడు. 2025 ఏప్రిల్ 6న న్యూయార్క్ ఐలాండర్స్ జట్టుపై, ఎడమవైపు నుండే, 895వ గోలు చేశాడు. గ్రెట్జ్కీ స్వయంగా వచ్చి చూశాడు. అతడు ఆడిన లీగ్ ఆటలు మొత్తం 1487. ఒవెచ్కిన్‌కు ఆనాటిది సరిగ్గా 1487వ ఆట.