వరుసల మాటలు

బెంగళూరులోని తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుతూ పెరుగుతారు. నాన్న అన్నను వారు ‘పెదనాన్న’ అంటారు. పక్కింటి కన్నడ పిల్లలు ‘దొడ్డప్ప’ అంటారు. అమ్మ చెల్లెలు ఇక్కడ ‘చిన్నమ్మ’, అక్కడ ‘చిక్కమ్మ’. మాటలు వేరైనా వరుస ఒక్కటే. నాన్న అన్నదమ్ములు నాన్నల వరుస. అమ్మ అక్కచెల్లెళ్ళు అమ్మల వరుస. అమ్మ అన్నదమ్ములు మాత్రం మామలు. ఇంగ్లీషులో పెదనాన్న, బాబాయి, మామ ముగ్గురికీ ‘అంకుల్’ అనే ఒక్క మాటే చాలు.

ఈ తేడా 19వ శతాబ్దంలో ఒక అమెరికన్ దృష్టిని ఆకర్షించింది. ఆయన పేరు లూయీ హెన్రీ మోర్గన్ (1818-1881). వృత్తి చేత న్యాయవాది. ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఆదివాసుల ఆచారాలను పరిశీలించారు. వారి పిల్లలు తండ్రి అన్నదమ్ములను కూడా ‘తండ్రి’ అనే పిలిచేవారు. మేనమామకు వేరే మాట ఉండేది. ఇతర జాతులలో ఈ పద్ధతి ఉందేమో తెలుసుకోవడానికి మోర్గన్ దేశదేశాలకు ప్రశ్నల పట్టికలు పంపారు. మిషనరీల ద్వారా తమిళం, తెలుగు, కన్నడ భాషల వరుసలు ఆయనకు అందాయి. వేల మైళ్ళ దూరంలోని దక్షిణ భారతంలోనూ దాదాపు అదే పద్ధతి కనిపించింది! 1871లో వెలువడిన ఆయన గ్రంథంలో తెలుగు వరుసలు కూడా చోటు చేసుకున్నాయి.

వరుసల పోలికను బట్టి అమెరికా ఆదివాసులు ఆసియా నుండి వచ్చారని మోర్గన్ నిర్ణయించారు. వలస మాట నిజమే కాని, వరుసల పోలిక దానికి రుజువు కాదు. రెండు పద్ధతుల మధ్య తేడాలున్నాయని తరువాతి పండితులు చూపారు.

అయితే ఒక ప్రశ్న మిగిలింది. ఈ మాటలు ఆలోచన నుండి పుట్టాయా? ఆచారం నుండి పుట్టాయా? వరుసల పేర్లు భాషకు, మనసుకు సంబంధించినవని 1909లో క్రోబర్ అనే మానవశాస్త్రజ్ఞుడు వాదించాడు. నీలగిరులలో తోడాలను పరిశీలించిన రివర్స్ 1914లో దానిని ఖండించాడు. దక్షిణ భారతంలో మేనమామ కూతురిని పెళ్ళాడే మేనరికం ఉంది. అప్పుడు మేనమామే పిల్లనిచ్చిన మామ అవుతాడు; మేనత్తే అత్తగారు అవుతుంది. అందుకే రెండు బంధుత్వాలకు ఒకే మాట ఏర్పడిందని ఆయన వివరణ. నేడు ఎన్నో ఇళ్ళలో మేనరికం లేదు. అయినా ‘మామ’, ‘అత్త’ నిలిచే ఉన్నాయి. ఆచారం పోయినా మాట మిగిలింది.

ఆ కాలంలో కొందరు పండితులు మానవ జాతులను మెట్లుగా పేర్చి, కింది మెట్టువారి భాష కొరతది, ఆలోచన కూడా కొరతదే అనేవారు. ఫ్రాంజ్ బోయస్ 1911లో ఈ అభిప్రాయాన్ని గట్టిగా తిరస్కరించారు. ప్రతి భాషా కొన్ని విషయాలను తప్పక చెప్పిస్తుంది, కొన్నింటిని వదిలేస్తుంది. వదిలేసినంత మాత్రాన ఆ భాషవారికి అవి తెలియవని కాదు.

దీనికి ఉదాహరణ మన మధ్యనే ఉంది. “రేపు మనం లాల్‌బాగ్ వెళ్తున్నాం” అంటే వినేవాడూ వస్తాడు. “మేం వెళ్తున్నాం” అంటే వాడు రాడు. నేటి కన్నడంలో రెండింటికీ ‘నావు’ ఒక్కటే. అయినా తాను రావాలో వద్దో కన్నడ పిల్లవాడికి సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. అవసరమైతే ‘నావెల్లరూ’ అని స్పష్టంగా చెబుతారు.

బోయస్ శిష్యుడు సపీర్, సపీర్ వద్ద చదివిన వోర్ఫ్ ఈ విచారణను ముందుకు సాగించారు. భాష ఆలోచన అలవాట్లను కొంత మలుస్తుందని నేడు చాలామంది అంగీకరిస్తారు. భాష ఆలోచనను బంధిస్తుందన్న మాటను మాత్రం అంగీకరించరు.

రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఈ సంగతి పుస్తకం చదవకముందే అనుభవంలో ఉంటుంది. ఏ భాషా తక్కువది కాదు. ఏ భాష మాట్లాడేవారి మనసూ తక్కువది కాదు.

అభ్యాసం

1. మోర్గన్ గమనించిన పోలిక ఏది? దాని నుండి ఆయన చేసిన నిర్ణయంలోని లోపం ఏమిటి?
2. ‘మామ’ అనే మాట రెండు బంధుత్వాలకు ఎలా వచ్చిందని రివర్స్ వివరించాడు?
3. మీ ఇంట్లో వాడే వరుసలను, మీ స్నేహితుల ఇళ్ళలో ఇతర భాషల్లో వాడే వరుసలను పట్టికగా వ్రాయండి.